మా కాలేజీ పిల్లలు ఏ కుర్చీల్లో ఉన్నారంటే

వరంగల్లు జిల్లాలో ఇవాళ కుర్చీలో కూర్చున్న మొనగాళ్లలో సగం మంది నా చేతుల మీద పెరిగినవాళ్లే. హనుమకొండలో ఒక కాలేజీలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. నా చెయ్యి తగలకుండా డిగ్రీ పట్టుకుని బయటపడ్డ విద్యార్థి లేడు. అరవై తొమ్మిది నాటి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో పిల్లలతో పాటు ముందు వరసలో నడిచి లాఠీ దెబ్బ కూడా తిన్నాను. దాని గుర్తు ఎడమ మోచేతి మీద ఇప్పటికీ ఉంది. అడిగినవాళ్లకు చూపిస్తాను, అడగనివాళ్లకూ చూపిస్తాను.

కొలువు మానేసి మా దేవరుప్పుల చేరాక ఈ మాటలే చెప్పుకుంటూ హాయిగా కాలం గడుపుతుండగా, మా మనవరాలు సుజాత ఇంటర్ పాసైంది. హనుమకొండలో బి.ఎస్సీ. చేరతానంది. దాని తండ్రి, అంటే నా కొడుకు వీరన్న, వద్దన్నాడు. కుట్టుమిషను కొనిస్తాను, ఇంటి పట్టున పని నేర్చుకొమ్మన్నాడు.

"డిగ్రీ చదివినోళ్లను నేను చూస్తలేనా? బస్టాండుల పేపరు మొగానికి కప్పుకొని పంటున్నరు. మూడేండ్లు చదువుడు, పదేండ్లు నౌకరికి తిరుగుడు. ఆడపిల్లకు గా తిరుగుడు నేను పెట్ట" అన్నాడు.

నాకు రోషం పొడుచుకొచ్చింది. "ఏందిరా మాట్లాడుతున్నవ్? నా కాలేజి పిల్లలు ఎట్లెట్ల కుర్చీలల్ల ఉన్నరో నీకేమెరుక? జనగామల మల్లేశం లేడా? మానుకోటల కరుణ లేదా? భూపాలపల్లిల సమ్మయ్య అయితే బొగ్గు గనులకే పెద్దాఫీసరు!"

"వాళ్లను ఎన్నడు చూసినవే బాపూ?"

చూసి పదిహేనేళ్లు దాటింది. "మొన్ననే" అన్నాను.

"అయితె పిల్లను తోల్కపొయి చూపియ్యి. మంచిగున్నరంటె కాలేజికి పంపిస్త. లేకుంటె మిషను కొంట. మల్ల ఈ ముచ్చట ఎత్తద్దు."

ఎనభైల చివర, ఎండాకాలం తోక ఇంకా ఆడుతుండగా, నేనూ సుజాతా అలా బయలుదేరాం. దాని సంచిలో రెండు జతల బట్టలు, నా సంచిలో దారిలో తినడానికి కోడలు కట్టిన సర్వపిండి. నాకు మాత్రం లోపల కొంచెం గుబులు. ఎవరు ఎక్కడున్నారో ఆ నోటా ఈ నోటా విన్నదే తప్ప నాకు నిజంగా తెలిసింది తక్కువ.

జనగామ: పైన డిగ్రీ, కింద దుకాణం

బస్సులో నా పక్కన మామిడిపండ్ల గంపతో ఒక అవ్వ కూర్చుంది. ఎక్కడికని అడిగితే, డిగ్రీ చదివినవాళ్లను చూసి రావడానికని చెప్పాను.

"చూసుడేంది? ఏమన్న దర్గానా, జాతరనా?" అంది. "మా ఊళ్లె ఉన్నడొకడు. దిగు, ఊకెనే చూపిస్త."

బస్సంతా నవ్వింది. సుజాత కూడా నవ్వింది. నేను కిటికీలోంచి పొలాలు చూశాను.

జనగామలో స్టేషను బజారుకు పోయి మల్లేశం పేరు చెప్పగానే ముగ్గురు ఒకేసారి వేలు చూపించారు. నాకు ధైర్యం వచ్చింది. మనిషి ఇంత పేరు సంపాదించాడంటే మామూలు కొలువు కాదు. తీరా చూస్తే అదొక చిన్న దుకాణపు మడిగె. బోర్డు మీద చేతి పొడవు అక్షరాలతో "మల్లేశం, బి.ఏ.", దాని కింద వేలెడు అక్షరాలతో "మైకులు కిరాయికి ఇవ్వబడును". లోపల గోడ నిండా ఇత్తడి పూవుల్లా లౌడ్‌స్పీకర్లు వేలాడుతున్నాయి. వాటి మధ్య బనీను మీద మా మల్లేశం, ఒక తీగను పంటితో చీలుస్తున్నాడు.

"నర్సన్నా!" అని కేక పెట్టాడు. ఆ గొంతుకు మైకు అవసరం లేదు. ఉద్యమంలో హనుమకొండ చౌరస్తాలో వాడు నినాదమిస్తే కాజీపేటలో జవాబు వచ్చేది. సరే, పక్కనే ఉన్న సుబేదారిలో వచ్చేది.

చాయ్ తెప్పించాడు. అర్ధ రూపాయి చాయ్, గ్లాసు మాత్రం బొటనవేలంత. మా ఊళ్లో అదే ధరకు ఇద్దరు తాగుతారు. సుజాత వైపు తిరిగి, "మీ తాత మిరపకాయ బజ్జి తినకుంట మా కాలేజిల డిగ్రీ పాసైనోడు లేడమ్మా" అన్నాడు.

ఇక దాచి లాభం లేదు. కాలేజీలో ఉన్నానన్నాను గానీ పాఠం చెప్పానని నేనెప్పుడూ అనలేదు. క్యాంటీను నడిపాను. నా చెయ్యి తగలని విద్యార్థి లేడన్నది అక్షరాలా నిజం, ఆ చేతిలో చాయ్ గ్లాసు ఉండేది.

"మరి లాఠీ దెబ్బ?" అంది సుజాత.

మల్లేశం కిందా మీదా పడి నవ్వాడు. "లాఠీనా? పోలీసు జీపు సప్పుడు వినంగనే చాయ్ బకెట్ పట్టుకొని లోపలికి ఉరికిండు. తలుపుకు మోచెయ్యి తాకింది. చాయ్ మాత్రం ఒలుకలె, గది ఒప్పుకోవాలె."

తర్వాత తన సంగతి చెప్పాడు. ఉద్యమంలో చదువు ఒక ఏడాది వెనకబడింది. డిగ్రీ అయ్యాక ఆరేళ్లు ఇంటర్వ్యూలకు తిరిగాడు. "నేను నోరు తెరిస్తె గా కుర్చీలల్ల కూసున్నోళ్లు ఒకల మొగం ఒకలు చూసుకొని నవ్వెటోళ్లు. 'భాష నేర్చుకుని రావయ్యా' అన్నడొక సారు. బయటికొచ్చి అనుకున్న, నా నోరు మీకొద్దా, గీ నోరుతోనే బతుకుత అని." ఇప్పుడు పెళ్లిళ్లూ సినిమాలూ సంతలూ, జనగామ చుట్టుపక్కల ఏది జరిగినా వాడి గొంతే. ఎన్నికలొస్తే పొద్దున ఒక పార్టీకి, సాయంత్రం ఇంకో పార్టీకి. రెండు ఉపన్యాసాలూ తనే రాసుకుంటాడు. "పొద్దటి దానికి పొద్దుగూకి నేనే జవాబిస్త. బి.ఏ. చదవకుంటె గది రాకపోవు" అన్నాడు.

మల్లేశం ఎవరో పిలిస్తే బయటికి పోయాడు. నేను సుజాత దగ్గరికి జరిగి మెల్లగా చెప్పాను. "బిడ్డా, మీ నాయినతోని మైకుల దుకాణమని అనకు. రేడియో స్టేషన్ల పెద్ద సారు అను. సగం నిజమే. గీ దుకాణం సంగతి తెలిస్తె నీ చదువు కొండెక్కుతది."

బజారులో ఒక్కసారిగా నవ్వు లేచింది. సోడా బండివాడు సోడా కొట్టడం మానేసి మా వైపు చూస్తున్నాడు. నా మోచెయ్యి పక్కన ఒక చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది. మల్లేశం పరుగున వచ్చి మీట ఆపి, "నర్సన్నా, స్టేషను అవతల దాక పొయ్యింది నీ ముచ్చట" అన్నాడు. నాకు సిగ్గేసిందని చెప్పుకోవాలి. నిజానికి నా గొంతు మైకులో అంత బాగుంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

రైలెక్కాక సుజాత అంది. "తాతా, గాయిన సంతోషంగున్నడు. గని నాయిన అడిగింది సంతోషం గాదు, కుర్చీ."

మానుకోట: నాకు కనిపించినది

స్టేషను బోర్డు మీద మహబూబాబాద్, మనుషుల నోట మానుకోట. పరాయివాడిని పట్టేయడానికి ఇంతకన్నా సులువు ఉపాయం లేదు. నేను బోర్డు చూసి పెద్దమనిషి తరహాలో "మహబూబాబాద్ దవాఖానకు ఎటు పోవాలె?" అని అడిగాను. రిక్షా అతను నన్ను ఎగాదిగా చూసి కిరాయి రూపాయి ఎక్కువ చెప్పాడు. "మానుకోట దవాఖాన" అని ఉంటే తగ్గేది. ఈ ఊళ్లో పొద్దు చూసి కాలం చెప్పేవారు తక్కువ. "ప్యాసింజర్ పోయినంక కూర పొయ్యి మీదెయ్యి" అని ఒకామె ఇంట్లోకి కేకేయడం నా చెవులతో విన్నాను.

కరుణ దవాఖానలో రక్తం పరీక్షలు చేస్తుంది. మా కాలేజీలో బి.ఎస్సీ. చదివిన కొద్దిమంది ఆడపిల్లల్లో ఒకతె. క్యాంటీనులోకి రావడానికి భయపడి గుమ్మం దగ్గరే నిలబడి చాయ్ తాగేది. ఇప్పుడు తెల్లకోటు వేసుకుని, గదిలోకి అడుగుపెట్టిన నన్నే గుమ్మం దగ్గర ఆపింది. "నర్సన్నా, చెప్పులు గక్కడ."

బల్ల మీద సూక్ష్మదర్శిని. వరండాలో గొంగడి కప్పుకుని వణుకుతూ ఒక ముసలామె. చుక్క రక్తం గాజుపలక మీద పూసి, నీలిరంగు వేసి, ఆరబెట్టి, చూస్తోంది కరుణ. "మలేరియా. అడివి దిక్కు ఊళ్లల్ల మస్తున్నది. చూస్తవా నర్సన్నా?" అంది.

చూశాను. "ఓహో! ఎంత పెద్దగున్నయి! కాళ్లు సుత కనవడుతున్నయి!" అన్నాను. మలేరియా పురుగుకు కాళ్లు ఉండవట. నేను చూసింది నా కనురెప్ప వెంట్రుక.

సుజాత వంగింది. చాలాసేపు తల ఎత్తలేదు. కరుణ పక్కన నిలబడి, చిన్న ఉంగరంలా ఉంటుంది, ఉంగరానికి రాయిలాగా ఒక చుక్క ఉంటుంది అని చెప్పింది. పిల్ల కన్ను అక్కడే ఉంది. పలకను కొంచెం కొంచెం జరుపుతోంది. నాకు విసుగొచ్చి సర్వపిండి తీయబోతే కరుణ కళ్లెర్రజేసింది.

"అక్కా, గిదేనా?"

కరుణ వంగి చూసింది. "ఔ. గిదే. నేను జూపియ్యకముందే పట్టినవ్" అని, వరండాలోకి తల పెట్టి, "అవ్వా, నీ జరం దొరికింది, గోలీలిస్తం" అంది. ముసలామె ఇద్దరికీ కలిపి ఒకటే దండం పెట్టింది. సుజాత ముఖం చూశాను. ఇంటర్ పాసైన రోజు కూడా అది అంత వెలగలేదు. ఈ పిల్లకు ఇక కుట్టుమిషను సూది ఆనదని నాకు ఆ క్షణాన తెలిసిపోయింది. నా గుబులు రెట్టింపైంది.

మధ్యాహ్నం కరుణ ఇంట్లో జొన్నరొట్టె, చింతచిగురు పప్పు. ఆకలి మీదున్నాను, కూర్చోగానే పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నాను. చూస్తే అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. మింగితే తప్పు, ఉమ్మితే ఇంకా తప్పు. ముద్దను బుగ్గలో పెట్టుకుని నేనూ కళ్లు మూసుకున్నాను. కరుణ వాళ్లమ్మ ఆ రోజు ప్రయాణంలో ఉన్నవాళ్లందరి కోసం పేరుపేరునా ప్రార్థించింది, నాతో సహా. "ఆమెన్" అనేసరికి పప్పు మీసాల మీదికి వచ్చింది.

తిన్నాక సుజాతతో కరుణ మొహమాటం లేకుండా మాట్లాడింది. "డిగ్రీ కాంగనే నౌకరి అని ఎవ్వలన్న జెప్తె నమ్మకు పిల్లా. నాకు ఎనిమిదేండ్లు పట్టింది. గన్నేండ్లు మా అమ్మతోని మిరపకాయలు ఏర వోయిన. కూలి జేసెటోళ్లు నన్ను 'బి.ఎస్సీ.' అని పిలిచెటోళ్లు, 'ఓ బి.ఎస్సీ., గా సాలు నీది' అని. మస్తు ఏడ్చిన. నవ్విన గూడ. తర్వాత గీ పరీక్షల పని నేర్చుకుంటె గప్పుడు దొరికింది."

"ఏడ్చిన మాట మీ నాయినకు చెప్పకు" అన్నాను దారిలో.

సుజాత సంచి భుజానికెత్తుకుని నాకన్నా ముందు నడిచింది.

భూపాలపల్లి: ఏడో తరగతి సారు

వరంగల్లు మీదుగా పరకాల దాటేసరికి గాలి మారింది. రోడ్డు పక్కన తునికిపండ్లు అమ్ముతున్నారు. గుప్పెడు కొన్నాం. తీపి, వగరు, పంటి కింద గింజ. భూపాలపల్లిలో గనులు కొత్త, ఇళ్లు కొత్త, మనుషులూ కొత్తే. కాటారం నుంచి ఒకడు, చిట్యాల నుంచి ఒకడు, గోదావరి అవతల నుంచి ఇంకొకడు. మా దగ్గర మనిషి ఎదురైతే "తిన్నవా?" అంటాం. ఇక్కడ "ఏ షిఫ్టు?" అంటారు. నన్ను కూడా అడిగారు. "రిటైర్ షిఫ్టు" అన్నాను. ఆ మాటకు ఒకాయన నాకు బీడీ ఇచ్చాడు.

నా ఆశలన్నీ సమ్మయ్య మీదే. కాలేజీలో చరిత్రలో వాడిని మించినవాడు లేడు. క్యాంటీను బల్ల మీద చాయ్ గ్లాసులు పేర్చి యుద్ధాలన్నీ చూపించేవాడు. ఓడిన రాజు గ్లాసు నాకిచ్చి కడగమనేవాడు. గనిలో ఉన్నాడని విన్నాను. అంత తెలివైనవాడు ఆఫీసరు కాక ఇంకేమవుతాడు? ఈ ఒక్కడిని చూపిస్తే చాలు, సుజాత చదువు ఖాయం.

గని దగ్గరి చాయ్ దుకాణంలో కూర్చున్నాం. షిఫ్టు విడిచారు. నెత్తి మీద టోపీలు, ముఖాల నిండా బొగ్గు, కళ్లూ పండ్లూ మాత్రమే తెల్లగా ఒక గుంపు బయటికి వచ్చింది. నేను జీపు కోసం చూస్తున్నాను. ఆ గుంపులో ఒకడి నడక దగ్గర నా చూపు ఆగింది. ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ నడిచే నడక. ముందూ వెనకా ఆలోచించకుండా లేచి అరిచాను.

"ఒరే సమ్మిగా! బి.ఏ. ఫస్ట్ క్లాస్ సమ్మయ్యా!"

గుంపు మొత్తం నిలబడిపోయింది. సమ్మయ్య ఒక్క ఉరుకులో వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "నర్సన్నా, నీ కాళ్లు మొక్కుత, గట్టిగ అనకు. నేను ఈడ ఏడో తరగతి."

బొగ్గు నింపే పనికి తక్కువ చదివినవాళ్లనే తీసుకుంటారట. ఎక్కువ చదివినవాడు పని చెయ్యడు, కాగితాలు పట్టుకుని వాదిస్తాడు అని వాళ్ల భయం. మావాడు డిగ్రీని పెట్టెలో అడుగున పెట్టి, ఏడో తరగతి అని చెప్పి పాత గనుల్లో చేరి, అక్కడి జట్టుతోనే ఇక్కడికి మారాడు. ఏళ్ల తరబడి దాచిన మాటను నేను దుకాణం మధ్యలో ఊదేశాను. పైగా వాళ్ల మీద అజమాయిషీ చేసే సర్దారు అక్కడే, మూడడుగుల దూరంలో, చాయ్ ఊదుకుంటూ నిలబడ్డాడు. ఒకడి కొలువు పోగొట్టాను, ఒకతె చదువు పోగొట్టాను, ఇదంతా ఒక్క కేకతో.

సర్దారు గ్లాసు పెట్టి నా దగ్గరికి వచ్చాడు. వంగి నా ముఖంలోకి చూశాడు.

"క్యాంటీన్ నర్సన్నవు గాదూ?"

"ఔ దొరా" అన్నాను.

"దొరేంది? నాది గూడ మీ కాలేజే. బి.కాం. నాకు ఉల్లిగడ్డ లేని బజ్జి ఇచ్చెటోడివి, యాదికి లేదా?" అని, గొంతు తగ్గించి, "గట్టిగ అనకు, నేను ఈడ పదో తరగతి. సర్దారు పరీక్షల మంచిగ రాస్తె అనుమానపడతరని కావాలని నాలుగు తప్పులు రాసిన" అన్నాడు.

సమ్మయ్య నోరు తెరిచాడు. "పదో తరగతివని నీకు నేను దరఖాస్తులు రాసిచ్చిన గదనే ఇన్నేండ్లు!"

"నువ్వు ఏడో తరగతివి గంత మంచిగ ఎట్ల రాస్తున్నవో నాకు అనుమానమే ఉండె."

వెనక నుంచి ఒకడు, "నాది ఇంటర్" అన్నాడు. ఇంకొకడు, "నేను డిగ్రీ రెండేండ్లు చదివిన, లెక్కల పోయింది" అన్నాడు. చాయ్ దుకాణం కాన్వొకేషన్ హాలైంది. బొగ్గు ముఖాలతో ఒకరినొకరు ఏ బ్యాచ్ అని అడుక్కుంటూ నవ్వుకున్నారు. దుకాణం వాడొక్కడే దిగులుగా, "నేను నిజంగనే ఏడో తరగతి" అన్నాడు. వాడిని ఓదార్చడానికి అందరూ రెండో చాయ్ తాగారు.

సాయంత్రం సమ్మయ్య ఇంట్లో పచ్చిపులుసు, కంది గుగ్గిళ్లు. పేపరు చదివి కాలనీలో అందరికీ వివరించి చెబుతాడు కాబట్టి వాడిని "ఏడో తరగతి సారు" అంటారట. ఆ మాట చెప్పి వాడి భార్య నవ్వింది. సుజాత తిండి ముట్టకుండా అడిగింది. "కాకా, చదివినందుకు బాధయితలేదా? నిజం జెప్పు. నేను చదవాల్నా వద్దా గిదే తేల్చుకోవాలె."

సమ్మయ్య గుగ్గిళ్లు నములుతూ ఆలోచించాడు. "నౌకరి కోసమైతె బాధనే బిడ్డా. మొదటేడాది తట్ట ఎత్తితె చేతులు పగిలి మస్తు కోపమొచ్చింది, నీ తాత మీద గూడ. 'నువ్వు కలెక్టరయితవురా' అని రోజు అనెటోడు. గని ఇప్పుడు గట్ల లేదు. లోపల చీకట్ల బండి నింపుకుంట నేను మా జోడీదార్లకు యుద్ధాల కతలు చెప్త. ఒకడు నెపోలియన్ గెలవాలంటడు, ఒకడు వద్దంటడు. షిఫ్టు ఎట్ల పోతదో ఎరుకనే కాదు. నా బిడ్డను మాత్రం డిగ్రీ దాచకుంట బతికేటట్టు చదివిస్త. దాచే తెలివి ఉన్నోడికి దాచేందుకు చదువు ఉండాలె గద ముందుగాల" అని నవ్వాడు.

దేవరుప్పుల: ఒప్పించిన విధం

ఇల్లు చేరేసరికి వీరన్న గడపలోనే ఉన్నాడు. నేను కాళ్లు కడుక్కోకుండానే మొదలుపెట్టాను. జనగామ మల్లేశం మాట్లాడితే జిల్లా వింటుందని, మానుకోట కరుణ చెప్పనిదే డాక్టరు గోలీ రాయడని, భూపాలపల్లి సమ్మయ్య చేతుల మీదుగానే దేశానికి బొగ్గు పోతుందని. చూడండి, ఒక్క అబద్ధమూ లేదు. అంత నేర్పుగా, అంత తీరుగా చెప్పాను కాబట్టే వీరన్న మనసు కరిగింది. సుజాత ఇప్పుడు హనుమకొండలో బి.ఎస్సీ. చదువుతోంది. దాని చదువు నా మాటతో నిలబడింది.

ఇది రాసి, సెలవులకు వచ్చిన సుజాతకు చదవమని ఇచ్చాను. నిలబడే చదివింది. సమ్మయ్య దగ్గర నవ్వింది, కనురెప్ప దగ్గర నవ్వింది. చివరికొచ్చాక కాగితం నా ఒళ్లో పెట్టింది.

"తాతా, గీ ఆఖరుది కొట్టెయ్యి. నీ మాటకు నాయిన ఒప్పుకోలె. ఒకడు మైకులు కిరాయికిస్తుండు, ఒకామె ఎనిమిదేండ్లు ఏడ్చింది, ఒకడు డిగ్రీ దాసి బొగ్గు నింపుతుండు, అయినా నేను చదువుత, నౌకరి రాకపోతె మిరపకాయలు ఏరుత అని నేను చెప్పిన. నువ్వు మాట్లాడంగ నాయిన చెప్పులేసుకొని మిషను కొనతందుకు లేసిండు. నేను మాట్లాడినంక చెప్పులిడిసి కూసున్నడు. గట్ల రాయి."